విడుపు కూత

గినీ పంది పిల్లను తల్లి దగ్గర నుంచి తీసి పక్క గదిలో పెడితే అది కూస్తుంది. సన్నని కూత, చివర పైకి లేస్తుంది. తల్లి నోట్లో గడ్డిపోచ అలాగే ఉండగా నమలడం ఆపి, తల ఎత్తి జవాబు చెబుతుంది. పిల్ల మళ్ళీ కూస్తుంది. తల్లి మళ్ళీ చెబుతుంది. రెండింటినీ కలిపేదాకా అది సాగుతుంది.

మా ఆడపడుచు మునిలక్ష్మి తన మంచి వయసంతా ఈ కూతలు వినడానికే ఇచ్చింది. మదనపల్లె నుంచి హార్స్‌లీ కొండలకు పోయే దారిలో ఒక జంతు పరిశోధనాలయం ఉంది. ఆమె అందులో శాస్త్రవేత్త. పెళ్ళి చేసుకోలేదు, మా ఇంట్లోనే ఉంటుంది. నేను ఊళ్ళో బాలికల ఉన్నత పాఠశాలలో తెలుగు చెబుతాను. మా ఆయన రెడ్డెప్పకు మోటారు పంపులు బాగుచేసే షాపు ఉంది.

"ఏమి మునీ, నీ గిన్నెపందులు ఈపొద్దు ఏమంటా ఉండాయి?" అని ఆయన అన్నాల దగ్గర చెల్లెల్ని అడిగేవారు.

"నీకంటే తెలివిగా మాట్లాడతా ఉండాయి అన్నా. ఆకలైతే ఆకలంటాయి. నీ మాదిరి పళ్ళెం ముందర కూర్చొని 'నాకేం వద్దు' అని రెండుసార్లు పెట్టించుకోవు."

గిన్నెపంది అన్న పేరు మా అమ్మాయి గంగోత్రి పెట్టింది. చిన్నప్పుడు దానికి గినీ అని నోరు తిరగలేదు. నేను దిద్దబోయాను. మునిలక్ష్మి ఒప్పుకోలేదు. "ఉండనీ వదినా, చూస్తే బోర్లించిన గిన్నె మాదిరే ఉంటుంది కదా," అంది. నేను బడికి పోతే గంగోత్రిని ఎత్తుకొని తిరిగింది మునిలక్ష్మే. సెలవురోజు పరిశోధనాలయానికి కూడా తీసుకుపోయేది. దానికి నేనొక అమ్మను, ఆమె ఇంకొక అమ్మ.

కిందటి వానాకాలంలో జ్వరం వచ్చి గంగోత్రి పోయింది. మూడో తరగతి చదువుతుండేది.

నేను బడికి తిరిగి వెళ్ళాను. పద్యం చెబుతుంటే ఆటస్థలంలో ఎవరో పిల్ల ఎవరినో పిలిచేది. నా తల అటు తిరిగేది. నేను తిప్పింది కాదు, తిరిగేది. ఆ తర్వాత చెబుతున్న వాక్యం దొరికేది కాదు. పిల్లలు పుస్తకాలు తెరిచి పెట్టుకొని నా ముఖం చూసేవారు. ఏడాది చివరికి వచ్చేసరికి నేను పాఠం మధ్యలో వరండాలోకి వెళ్ళిపోవడం మామూలైంది.

మా ప్రధానోపాధ్యాయిని విజయభారతి మేడమ్ నెమ్మదస్తురాలు. వేసవి సెలవులకు ముందు పిలిచి కూర్చోబెట్టారు.

"ప్రమీలమ్మా, పిల్లోళ్ళు నిన్ను చూసి బెదిరిపోతా ఉండారు. బడి తెరిచేలోగా నువ్వు నిలదొక్కుకోవాల. లేదంటే ఆఫీసు పనికి మార్పిస్తా. తప్పుగా అనుకోవద్దు."

తప్పుగా అనుకోలేదు. నాకు వచ్చిన పని పాఠం చెప్పడం ఒక్కటే. అది కూడా పోతే ఇక మిగిలేది ఏముందో నాకు తెలియలేదు.

సెలవుల్లో ఇంట్లో ఒంటరిగా ఉండవద్దని మునిలక్ష్మి నన్ను తనతో తీసుకుపోసాగింది. ఆమె పని చూడడం అదే మొదలు. గినీ పందిని ఎత్తుకోబోయే ముందు ఆమె రెండు చేతులూ రుద్దుకొని వెచ్చ చేసుకుంటుంది. కూత వినేటప్పుడు కళ్ళు మూసుకుంటుంది. పుట్టినరోజు కూత దగ్గర నుంచి ముసలిదై గొంతు ఎండిపోయి, మధ్యమధ్యలో గాలి మాత్రమే వచ్చే దశ దాకా ఒక్కొక్క జీవం గొంతునూ ఆమె దాచిపెట్టింది. పిల్లగా ఉన్నప్పుడు కూత సన్నగా, పొడుగ్గా ఉంటుంది. ఈడు వచ్చేకొద్దీ బొంగురుపోయి పొట్టిదవుతుంది. ప్రతిదీ తన దారిలో మారుతుంది. కాని ఆ దారి మొదట్లోనే తెలిసిపోతుందని ఆమె కనిపెట్టింది. నాకు ఇది వింత అనిపించలేదు. ఆరో తరగతి పిల్ల దస్తూరి చూసి పదో తరగతిలో అది ఎలా తిరుగుతుందో నేనూ కొంత చెప్పగలను. మునిలక్ష్మి కొంత కాదు, మొత్తం చెప్పగల యంత్రాన్ని చేసింది. ఏ గొంతునైనా ఏ ఈడుకైనా నడిపిస్తుంది. దానికి ఈడుపెట్టె అని పేరు పెట్టుకుంది.

మనుషుల గొంతుకూ అది పనికివస్తుందని తెలిసింది మా ఇంట్లోనే. చిన్నప్పుడు మునిలక్ష్మి పాడిన పాట ఒక పాత క్యాసెట్‌లో ఉంది. దాని చివర "అన్నా, ఇట్ల రా!" అని అరుపు. ఆ గొంతును ఈడుపెట్టెలో ఇప్పటి వయసుకు తెచ్చి, హాల్లో పెట్టి, మేమిద్దరం వంటింట్లో నోరు మూసుకొని నిలబడ్డాం.

"వస్తా ఉండా ఉండు, చేతికి గ్రీజు ఉంది!" అన్నారు మా ఆయన పెరట్లోంచి. వచ్చి చూస్తే హాల్లో ఎవరూ లేరు. "ఏమ్మేయ్, పిలిచి యాడికి పోయినావు?"

ఆ సాయంత్రం మా ఇంట్లో చాలా రోజుల తర్వాత ముగ్గురం నవ్వాం.

పరిశోధనాలయంలో రాగి అనే తల్లి ఒకటి ఉండేది. రాగిచెంబు రంగు. దానికి ఒకే పిల్ల, పాలు మానకముందే చచ్చిపోయింది. రాగి బోనంతా వెతికేది. గడ్డి ముట్టేది కాదు. పక్క బోనులో ఏ పిల్ల కూసినా నిలబడి జవాబు చెప్పేది. దాని తోడు ఉన్న బూడిద రంగు ఆడది పిల్లను కనలేదు గాని, ఆ పిల్లను తనూ పక్కలో పడుకోబెట్టుకుంది. అది కూడా తల ఎత్తేది. నేను ఆ బోను ముందు ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

"పాలు ఇంకిపోయినాక తల్లి మరిచిపోతుందని అందరూ అనుకుంటాం వదినా," అంది మునిలక్ష్మి. "కాదు. పాలు మానే ఈడుకు పిల్ల కూతే మారిపోతుంది. చివర పైకి లేవడం ఆగిపోతుంది. అడిగేది అయిపోయింది, ఇంక నేను పోతా ఉండా అని చెప్పే కూత అది. అది విన్నాకనే తల్లి చెవి పిల్లను విడిచిపెడుతుంది. దీని బిడ్డకు ఆ కూత కూసే ఈడు రాల్యా. అందుకే ఇది ఇంకా జవాబు చెప్తానే ఉంది."

ఆ చివరి కూతకు ఆమె విడుపు కూత అని పేరు పెట్టింది. చచ్చిపోయిన పిల్ల గొంతును ఈడుపెట్టెలో కొంచెం కొంచెంగా పెంచి, రోజుకొక మెట్టు చొప్పున రాగికి వినిపించింది. రాగి చెవి వెనక అంటించిన చిన్న బిళ్ళ నుంచి తెర మీద ఒక గీత వస్తుంది. పిల్ల పిలిచినప్పుడు, తల్లి నోరు తెరవకపోయినా, లోపల జవాబు పుడితే గీత లేస్తుంది. రోజురోజుకూ గీత తగ్గింది. విడుపు కూత వినిపించిన రోజు అది లేవలేదు. రాగి కొంతసేపు అలాగే కూర్చొని, తర్వాత తొట్టి దగ్గరికి నడిచి, లూసర్న్ గడ్డి లాగి తినసాగింది. బూడిదది కూడా వచ్చి తింది.

నేను మునిలక్ష్మి చెయ్యి పట్టుకున్నాను. ఇంత మంచి పని నేనెన్నడూ చూడలేదనుకున్నాను.

"తొందరపడొద్దు. ఇది కూడా చూడు," అని ఆమె పిల్ల మొదటి కూతను, అది నిజంగా కూసిన సన్నని కూతను వినిపించింది. రాగి నమలడం ఆపలేదు.

"దానికి ఇప్పుడు అది ఎవురి పిల్లో," అంది మునిలక్ష్మి.

ఆ మాట ఆమె నాకు ఎందుకు చెప్పిందో నాకు అర్థమైంది. అయినా వారం తిరగకముందే, గంగోత్రి గొంతుతో నాకూ అలాగే చేయమని అడిగాను.

"వదినా, నువ్వు గినీ పందివి కాదు. మనుషుల మీద చేసేదానికి నాకు అనుమతి ల్యా."

"మీ అన్న మీద చేసినప్పుడు అడిగినావా అనుమతి?"

ఆమె నవ్వలేదు. "ఆ తర్వాత దాని గొంతు విన్నా నీకు ఏమీ కాదు. తెలిసే అడగతా ఉండావా?"

"తెలిసే. నాకు పాఠం చెప్పడం కావాల మునీ."

మా ఆయన ఒప్పుకోలేదు. కేకలు వేయలేదు కూడా. చేతిలో ఉన్న స్పానరు గుడ్డతో తుడుస్తూ, "బిడ్డను మట్టిలో పెట్టి వచ్చినాం. మిగిలింది ఆ గొంతే కదా ప్రమీలా. అది నీ చెవిలో కూడా చచ్చిపోతే మళ్ళా యాడ తెస్తాం?" అన్నారు. కొంచెం ఆగి, "నువ్వు అన్నం తినేది నేను చూసి ఎన్నాళ్ళయిందో. నీ ఇష్టం," అన్నారు.

గంగోత్రి వీడియోలు మా ఫోన్లలో చాలా ఉన్నాయి. మునిలక్ష్మి వాటిలోంచి ఒకటి ఎంచుకుంది. బడి వ్యాను ఎక్కుతూ వెనక్కి తిరిగి అది రోజూ అరిచే మాట: "అమ్మా, పోయొస్తా!" గినీ పందుల్లో విడుపు కూత బయలుదేరే కూత కాబట్టి, మనుషుల్లో కూడా బయలుదేరే మాటే కావాలని ఆమె ఆలోచన.

చెవి వెనక బిళ్ళ అంటించుకొని కూర్చున్నాను. మొదట ఉన్నది ఉన్నట్టు. తర్వాత పదేళ్ళ గొంతు. పన్నెండేళ్ళది కొంచెం గీరగా పలికింది. పద్నాలుగుకు మా అత్తగారి బొంగురు కలిసింది. అది వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. ఇరవై ఏళ్ళ గంగోత్రి గొంతు నిండుగా, తొందర లేకుండా ఉంది. ముప్పై ఏళ్ళ గంగోత్రి నాకంటే బాగా పాఠం చెప్పగల గొంతుతో, "అమ్మా, పోయొస్తా," అంది. నేను అనుభవించినదాన్ని రాయడానికి తగిన మాట నా దగ్గర లేదు. నా కూతురు పెరిగి పెద్దదైంది. దాన్ని పెంచింది మునిలక్ష్మి.

రోజులు గడిచాయి. చివరి మెట్టు కూడా అయింది. గీత తగ్గలేదు.

మునిలక్ష్మి యంత్రం విప్పి చూసింది. మెట్లు మార్చింది. మళ్ళీ వినిపించింది. గీత మొదటిరోజు ఎంత ఎత్తు లేచిందో అంతే లేచింది. ఆమె తల పట్టుకొని కూర్చుంది.

"యాడో తప్పు చేసినా వదినా. గొంతు సరిగ్గానే ఉంది. ఈడు సరిగ్గానే ఉంది. నువ్వు ఎందుకు విడవలేదు?"

అప్పుడు నాకు ఒకటి తట్టింది. అది వినిపించిన ప్రతిసారీ నా పెదవులు కదిలాయి. నేను "పోయిరామ్మా" అంటున్నాను.

"మునీ, అది ఏమంటా ఉందో విన్నావా?"

"ఇన్ని దినాలుగా వింటానే ఉండా కదా."

"గొంతు విన్నావు. మాట విను. నేను పోతా ఉండా అని దాని నోట్లో ఎప్పుడన్నా వచ్చిందా? మన ఇండ్లల్లో ఎవురి నోట్లోనైనా వస్తుందా? పక్కవీధిలో అంగడికి పోయేవాళ్ళు కూడా పోయొస్తా అనే అంటారు. ముప్పై ఏండ్లది వచ్చి పోయొస్తా అంటే, నేను తలుపు దగ్గర నిలబడి ఉండక ఏం చేస్తాను?"

మునిలక్ష్మి తల ఎత్తింది. "గినీ పందికి పోతాననే కూత ఉంది. మనకు ల్యా," అంది మెల్లగా. "ఇన్నేండ్లు కూతలు వింటా వింటా మాటను పట్టించుకోవడం మరిచిపోయినా."

ఆమె ఓటమి ఒప్పుకొని కూర్చునే మనిషి కాదు. మర్నాడే చెప్పింది: ఆ మాటలోంచి మధ్య ముక్క తీసేస్తే సరిపోతుంది. మొదట పో, చివర తా. అతుకు తెలియకుండా కలపాలి. చివర పైకి లేవకూడదు. నేను తల ఊపాను. ఆ రెండక్షరాలు కలిపి మనసులో అనుకోవడానికి కూడా నాకు ధైర్యం చాలలేదు.

ఆ పని ఆమె ఒక్కతే చేసింది. నన్ను రానివ్వలేదు. తయారుకాకముందు నీ చెవిన పడకూడదంది. వేసవి చివరిదాకా రోజూ ఉదయం వెళ్ళి, పొద్దుకూకే వేళకు వచ్చేది. ఇల్లు చేరాక బాగా తినేది. ఒకరోజు సన్నగా ఏదో కూనిరాగం కూడా తీసింది. పని కుదురుతోంది కాబోలు అనుకున్నాను.

ఆదివారం మధ్యాహ్నం ఇద్దరం వంటింటి గడప దగ్గర కూర్చొని మునగాకు దూస్తున్నాం. "అయిపోయింది వదినా. రేపు వినొచ్చు," అంది. హాల్లో మా ఆయన ఫోన్ పట్టుకొని కూర్చున్నారు. ఆదివారాలు ఆయనకు అదొక అలవాటు. గంగోత్రి నవ్వు వినిపించింది. తర్వాత మాట: "అత్తా, గిన్నెపందికి ముక్కు కారతా ఉంది! రుమాలియ్యి!"

ఈ వీడియో మొదలైతే మునిలక్ష్మి లేచి పెరట్లోకి వెళ్ళి ముఖం కడుక్కొని వస్తుంది. ఏనాడూ కూర్చోలేదు. ఇవాళ ఆమె వేళ్ళు రెమ్మ మీదుగా జారాయి. ఆకు రాలింది. ఇంకొక రెమ్మ తీసుకుంది.

"మునీ."

"ఏం వదినా?"

"వినపడ్తా ఉందా?"

"ఆఁ. గంగోత్రి వీడియో కదా." ఇంకొక రెమ్మ. అప్పుడు నా ముఖం చూసింది. తర్వాత తన చేతులు చూసుకుంది. చేతులు ఆగాయి.

"అన్నా," అని పిలిచింది. "అది ఇంకోసారి పెట్టు."

ఆయన పెట్టారు. ఆమె కళ్ళు మూసుకుంది. మళ్ళీ పెట్టమంది. మూడోసారి అడిగేసరికి ఆయన లేచి వచ్చి గడప దగ్గర నిలబడ్డారు.

"తెలుస్తా ఉంది, దాని గొంతేనని," అంది మునిలక్ష్మి. "ఏ ఈడుదో కూడా చెప్తా. కానీ వదినా... ఎవురి పిల్లదో మాదిరి ఉంది."

అతుకు కనబడకుండా ఉండడానికి ఆ మాటను ఆమె ఎన్నిసార్లు విని ఉంటుందో నేను ఊహించగలను. ఆ చిన్న గొంతు దగ్గర నుంచి ముప్పై ఏళ్ళ గొంతు దాకా, చివర పైకి లేవని ఆ రెండక్షరాల దాకా, మెట్టు మెట్టూ ఆమె చెవి మీదుగానే నడిచాయి.

"బూడిదదాన్ని నేనే చూసినా," అంది. "నేనూ ఆ బోనులోనే ఉండానని అనుకోల్యా."

మా ఆయన నేల మీద చెల్లెలి పక్కన కూర్చున్నారు. ఆమె ఏడవలేదు. ఏడవడానికి ప్రయత్నించి, రాక, నా వైపు తిరిగింది. తర్వాత ఆమె అన్న మాట కోసం నేను ఆమెను బతికినంతకాలం గౌరవిస్తాను.

"నీకు ఉన్నది ఉన్నట్టు చెప్పాల వదినా. కొన్ని దినాలుగా నాకు నిద్ర బాగా పడ్తా ఉంది. ఆకలవతా ఉంది. ఎందుకా అనుకున్నా. అంటే ఇది పనిచేస్తుంది. నీకు ఏ బాధా ఉండదు, తీసేసినట్టు కూడా తెలియదు. కావాలంటే రేపే వినొచ్చు. నన్ను చూసి వద్దనుకోవాకు."

కావాలని నాకు లేదని చెప్పలేను. ఆమె ముఖంలో ఆ నెమ్మది చూసి నాకు అసూయ కలిగింది. మునగాకు చేటను పక్కకు జరిపాను.

"వద్దు మునీ."

"మరి బడి?"

"పోతాను. పిల్లలు పిలిస్తే తల అటు తిరుగుతుంది. తిరగనీ. యాడ ఆపినానో వాళ్ళనే అడుగుతా. ముందు బెంచీలో కూర్చునేది ఒకతి ఉంది, కామాతో సహా చెప్తుంది."

మా ఆయన ముఖం పక్కకు తిప్పుకున్నారు.

అతికించి తయారుచేసిన ఆ రెండక్షరాల మాటను మునిలక్ష్మి ఆ సాయంత్రమే చెరిపేసింది. పరిశోధన నివేదికలో విడుపు కూత గురించి రాసినచోట, అది వినిపించేవారి చెవినీ విడిపిస్తుందని, మొదట అలా విడివడింది తానేనని, తన పేరుతో రాసింది. పై అధికారులు అది తీసేయమన్నారు. తీయలేదు. బడి తెరిచాక నేను పాఠం మధ్యలో తల తిప్పాను, అడిగాను, ఆ పిల్ల చెప్పింది, మళ్ళీ మొదలుపెట్టాను. మేడమ్ కిటికీలోంచి చూసి వెళ్ళిపోయారు.

వానలు మొదలైన రోజుల్లో మునిలక్ష్మి ఒకసారి నా పక్కన వచ్చి కూర్చుంది.

"వదినా, దాని సంగతులన్నీ నాకు జ్ఞాపకం ఉండాయి. పుస్తకంలో చదివినట్టు ఉండాయి. నువ్వు చెప్పు. నాకు తెలియనిది ఏదన్నా చెప్పు."

నేను ఆలోచించి మొదలుపెట్టాను. గంగోత్రి ఒకటో తరగతిలో చేరిన రోజు. గది బయట చెప్పులు విడిచింది. సాయంత్రానికి ఎవరో తొడుక్కొని పోయారు. మునిలక్ష్మి నిశ్శబ్దంగా వింటోంది. నేను ఆపేశాను.

"ఏమైంది?" అంది.

"ఊఁ కొట్టు మునీ. ఊఁ కొట్టకుంటే నాకు చెప్పబుద్ధి కాదు."

"ఊఁ," అంది. పొడిగా ఉంది.

"మిగిలిన జత దీని కాళ్ళకు చాలా పెద్దది. ఒకదానికి వారు తెగింది."

"ఊఁ."

"నేను గేటు దగ్గర ఎదురుచూస్తా ఉండా. అది కాళ్ళు ఈడ్చుకుంటా వస్తా ఉంది. ఏడుస్తా ఉందేమో అనుకొని దగ్గరికి పోయినా."

మునిలక్ష్మి ఊఁ కొట్టలేదు. నా వైపు వంగి ఉంది.

"తర్వాత?" అంది.

నేను చెప్పాను.